బొమ్మ గీసేవాడి బొమ్మ

ఈమధ్య మన వైపు జాతరలకు రెండు రకాల జనం వస్తున్నారు. మొక్కు చెల్లించుకోడానికి వచ్చేవారు ఒక రకం, ఫోటోలు తీసుకోడానికి వచ్చేవారు రెండో రకం. మొదటివారు అమ్మవారి ముఖం చూసి వెళ్ళిపోతారు. రెండోవారు జనం ముఖాలు పట్టుకుపోతారు. అరసవల్లి రథసప్తమిలోగాని, శంబర పోలమాంబ జాతరలోగాని, రామతీర్థం శివరాత్రిలోగాని, విజయనగరం సిరిమానులోగాని మెడలో కెమెరా వేలాడేసుకున్న యువకులు ఇప్పుడు గుంపులుగా కనిపిస్తారు. గాజులమ్మేవాడు, పచ్చబొట్లు పొడిచే ముసలమ్మ, రంగులరాట్నం తోసే కుర్రవాడు - వీళ్ళ కోసం వాళ్ళ వెతుకులాట. అందరికన్నా ఎక్కువ గిరాకీ మాత్రం వీధిలో కూర్చుని మనుషుల బొమ్మలు గీసే చిత్రకారుడికి. గిరాకీ అంటే బేరం కాదు సుమా! అతనిచేత బొమ్మ గీయించుకునేందుకు కాదు, అతని బొమ్మ తీసుకునేందుకు.

వాళ్ళను తప్పుపట్టే ముందు నా తప్పు చెప్పుకోవడం న్యాయం. నేను కెమెరా పట్టలేదు. కెమెరా పట్టినవాడికి బహుమతి ఇచ్చాను.

2024 ఆగస్టులో, ప్రపంచ ఫోటోగ్రఫీ దినం నాడు, ఒక కళాశాలలో ఫోటోల పోటీ పెట్టారు. తెలుగు మేష్టరు గనక శీర్షికలు బాగా పెడతాడని నన్ను న్యాయనిర్ణేతల్లో కూర్చోబెట్టారు. వచ్చిన ఫోటోల్లో ఒకటి మమ్మల్ని కట్టిపడేసింది. దాన్ని మా విద్యార్థి ఒకడు 2023 సిరిమానుకు ముందురోజు, అంటే తొలేళ్ళ సాయంత్రం, మూడు లాంతర్ల నుంచి కోటకు పోయే దారిలో తీశాడు. వెనక జనసముద్రం మసకమసకగా పారుతోంది. ముందు ఒక నడివయసు మనిషి, మాసిన చొక్కా, మోకాళ్ళ మీద అట్ట, అట్టమీద కాగితం. తల వంచుకుని గీస్తున్నాడు. చుట్టూ ఇంత కోలాహలం ఉన్నా అతని చూపు కాగితం మీదనుంచి కదలడం లేదు. మేమంతా ఏకగ్రీవంగా దానికి మొదటి బహుమతి ఇచ్చాం. "తపస్సు" అని నేనే పేరు పెట్టాను. "ఆకలిని మరచి కళలో లీనమైన అజ్ఞాత చిత్రకారుడు" అని కింద ఒక వాక్యం కూడా రాశాను. ఆ వాక్యం చూసి నలుగురు మెచ్చుకున్నారు. నేనూ కొంచెం మురిసిపోయాను.

రెండు నెలల తర్వాత మళ్ళీ తొలేళ్ళు వచ్చాయి. అదే దారిలో, అదే మనిషి, అదే అట్ట. నా ఫోనులో ఉన్న ఆ ఫోటో చూపించి, "మీకు మొదటి బహుమతి వచ్చిందండీ" అన్నాను, ఏదో శుభవార్త మోసుకొచ్చినవాడిలాగ.

అతను చాలాసేపు చూశాడు. తన ముఖం కాదు, ఫోటోలో తన చేతి కింద ఉన్న కాగితాన్ని చూశాడు.

"బవుమతి నాకొచ్చిందా, తీసినోడికొచ్చిందా బాబూ?" అన్నాడు.

నేను మాట్లాడలేదు. శీర్షిక చదివి వినిపించాను. అతను నవ్వాడు.

"తపస్సేటి బాబూ! ఆ ఏల నాకొక్క బేరం తగల్నేదు. కాలీగా కూకుంటే పోలీసోడు లెగ్గొట్టేస్తాడు. పని సేస్తన్నట్టు కనపడాల. అందికని ఆ సినేమా ఈరో బొమ్మకే మల్లీ మల్లీ నలుపు పులుముతున్నాను. నా మీద కెమెరాలెన్ని పడ్డాయో లెక్కెట్టినాను. ముప్పయ్యారు. నా ముందల కూకున్నోలు సున్న."

ఇదీ జరిగింది. ఈ వ్యాసమంతా ఆ రెండంకెల మీద ఆధారపడి ఉంది: ముప్పయ్యారు, సున్న.

మా న్యాయనిర్ణయంలో జరిగింది కేవలం మర్యాదలోపమైతే దీన్ని ఒక విమర్శ పత్రికకు ఎక్కించనక్కరలేదు. క్షమాపణ చెప్పుకుని ఊరుకోవచ్చు. కాని జరిగింది అంతకన్నా పెద్దది. మేము ఆ ఫోటోను వాస్తవికతకు ఉదాహరణగా మెచ్చుకున్నాం. అది అబద్ధం. కెమెరా అబద్ధమాడలేదు, వంచిన తల వంచినట్టే ఉంది. ఆ వంచిన తలకు అర్థం మాత్రం మేము మా ఇళ్ళనుంచి తెచ్చి పెట్టాం. లాఠీ భయాన్ని కళాసమాధి అన్నాం. బేరం లేని సాయంత్రాన్ని తపస్సు అన్నాం. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు. అంచేత నేను చెప్పదలుచుకున్న మాట ఒక్కటే: అడగకుండా తీసిన బొమ్మ అన్యాయమవడమే కాదు, అబద్ధం కూడా అవుతుంది. నీతి లోపించినచోట వాస్తవికతా లోపిస్తుంది.

ఆ మనిషి ఎవరు? అడిగితే అతను చెప్పిన చరిత్ర మన కళాచరిత్రలో ఒక అధ్యాయం. అతను మొదట బోర్డులు రాసేవాడు. దుకాణాల బోర్డులు, ఎన్నికల గోడరాతలు, సినిమాహాలు ముందు నిలబెట్టే పెద్ద బొమ్మలు. 2000 తర్వాతి సంవత్సరాల్లో ఫ్లెక్సు యంత్రం ఊరూరా దిగింది. వారం రోజుల పని గంటలో తేలిపోయింది. కుంచె పట్టినవాళ్ళలో కొందరు ఫ్లెక్సు దుకాణాల్లోనే జీతానికి చేరారు, కొందరు ఇళ్ళకు సున్నాలు వేశారు. ఇతను పెన్సిలు పట్టుకుని వీధిలోకి వచ్చాడు. పాస్‌పోర్టు ఫోటో మీద సన్నటి గళ్ళు గీసి, అదే లెక్కన పెద్ద కాగితం మీద గళ్ళు గీసి, గడి తర్వాత గడి ముఖాన్ని పెంచుకుంటూ పోవడం ఈ వృత్తిలో సగం. చచ్చిపోయిన తండ్రి ఫోటో రేషను కార్డులోనో ఓటరు కార్డులోనో తప్ప ఇంకెక్కడా లేని కుటుంబాలు మనకెన్ని లేవు! వాళ్ళకు గోడమీద ఒక నాన్నను నిలబెట్టిపెట్టింది ఈ వృత్తే. ఇక మిగతా సగం, ఎదురుగా కూర్చోబెట్టి పదిహేను నిమిషాల్లో గీసి ఇవ్వడం. ఇప్పుడు ఆ సగానికీ ఎసరొచ్చింది. ఫోటోను పెన్సిలు బొమ్మగా మార్చే సదుపాయం ప్రతివాడి ఫోనులోనూ ఉంది. మొదటిసారి యంత్రం అతని గోడ తీసుకుంది. రెండోసారి కాగితం తీసుకుంటోంది. మూడోసారి మనం వచ్చాం, అతని ముఖం తీసుకోడానికి.

సరే, దీనికి మిత్రులు కొన్ని అభ్యంతరాలు చెప్పారు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, వీధి అందరిదీ, వీధిలో కనిపించేదాన్ని ఫోటో తీయడం నేరం కాదు కదా అని. కాదు. చట్టమే చూద్దాం. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసినవాడు. ఎదుటివాణ్ణి అడిగినా, అడగకపోయినా అంతే. అదే చట్టం 17వ సెక్షనులో మరో సంగతి ఉంది: ఒకరు డబ్బిచ్చి గీయించుకున్న చిత్తరువుకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాడు. గీసినవాడు కాదు. అంటే ఈ చిత్రకారుడు బేరానికి గీసిన ప్రతి బొమ్మా, కాగితం చేతులు మారకముందే పరాయిదైపోయింది. అతనికి పైసా ఇవ్వకుండా అతన్ని తీసిన బొమ్మ మాత్రం తీసినవాడి సొత్తయింది. ఇచ్చినా పోయింది, ఇవ్వకపోయినా పోయింది. అయితే 57వ సెక్షను అతనికి ఒక హక్కు మిగిల్చింది. ఇది నేను గీశానని చెప్పుకునే హక్కు. గీసినవాడికి చట్టం మిగిల్చిన ఆస్తుల్లో ముఖ్యమైనది అతని పేరు. "అజ్ఞాత చిత్రకారుడు" అని రాసి నేను తుడిచేసింది ఆ పేరునే.

ఇక్కడ ఒక సంగతి సిగ్గు విడిచి చెప్పాలి. ఆ రాత్రి ఇంటికొచ్చి ఫోటోను పెద్దది చేసి చూశాను. కాగితం కుడివైపు మూల, చిన్న అక్షరాలతో, అతని పేరుంది. పేరు కింద ఫోను నంబరుంది. ముగ్గురు న్యాయనిర్ణేతలం, అందులో ఒకణ్ణి అక్షరాలు చదవడమే వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి, ఆ ఫోటో ముందు అరగంట నిలబడ్డాం. వెలుగునీడల పొందిక చూశాం, చూపు గాఢత చూశాం. పేరు చదవలేదు. అతను అజ్ఞాతుడు కాడు. మేము చదువురానివాళ్ళం. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారి బొమ్మల మూల "వ.పా." అన్న రెండక్షరాలను చందమామ, యువ పాఠకులు ఎంత దూరంనుంచైనా గుర్తుపట్టేవారు. మూల సంతకాన్ని చదవడం మనకు తెలియని విద్య కాదు. ఎవరి సంతకం చదవాలో, ఎవరిది చదవనక్కరలేదో మనం ముందే నిర్ణయించుకుని ఉన్నాం. దీన్నే వర్గదృష్టి అంటారు.

రెండో అభ్యంతరం: అడిగితే సహజత్వం పోతుంది, అడగ్గానే మనిషి బిగుసుకుపోతాడు, నటిస్తాడు అని. ఈ మాట ఎవరి ముందు అంటున్నారో చూడండి. ఎవరి ఫోటో దొంగచాటుగా తీస్తున్నారో అతని వృత్తి అంతా అడిగి గీసే వృత్తి. ఎదుటి మనిషి తానుగా వచ్చి కూర్చుంటాడు. బిగుసుకునే కూర్చుంటాడు. గీసేవాడు మాటల్లో పెడతాడు. ఏ ఊరు, పంటలెలా ఉన్నాయి, పిల్లలెందరు అని అడుగుతాడు. అయిదు నిమిషాల్లో భుజాలు సడలుతాయి, పది నిమిషాల్లో అసలు ముఖం బయటికొస్తుంది. అప్పుడు గీస్తాడు. సహజత్వం అతనికి తేరగా దొరకదు, సంపాదించుకుంటాడు. ఆ పదిహేను నిమిషాల ఓపిక లేనివాడు, సెకనులో నూరోవంతుతో పని ముగించుకునేవాడు, సహజత్వం గురించి అతనికే పాఠం చెప్పడం వింతగా లేదూ?

మూడోది, ఫోటో వల్ల అతనికి ప్రచారం వస్తుందని. పేరు లేదు, ఊరు లేదు, నంబరు లేదు. ప్రచారం ఎవరికి వచ్చింది? పోటీ తర్వాత ఆ విద్యార్థికి రెండు పెళ్ళి ఫోటోల బేరాలు వచ్చాయి. అతను పేదింటి కుర్రవాడే, రావలసిందే, నాకు సంతోషమే. చిత్రకారుడికి మాత్రం తను బహుమతి ఎక్కినట్టే రెండు నెలల దాకా తెలియదు.

నాలుగో అభ్యంతరం గట్టిది, దాన్ని తేలిగ్గా తోసెయ్యడానికి వీల్లేదు. పేదవాడి ఫోటో ప్రపంచాన్ని కదిలిస్తుంది, ఆ మేలు ముందు పేరు అడగలేదన్న తప్పు ఎంత అని. దీనికి ఉదాహరణగా చెప్పేది అమెరికాలో డొరొతియా లాంజ్ 1936లో తీసిన వలసకూలీ తల్లి ఫోటో. కాలిఫోర్నియాలో బఠానీ తోటల కూలీల శిబిరంలో, ఇద్దరు పిల్లలు భుజాల మీద వాలి ఉండగా, చెంపమీద చెయ్యి పెట్టుకుని చూస్తున్న తల్లి. ఫోటో పత్రికలో పడ్డాక ఆ శిబిరానికి ఆహారం పంపిన మాట నిజమే. అప్పటికే ఆమె పిల్లల్ని తీసుకుని అక్కడినుంచి వెళ్ళిపోయిన మాట కూడా నిజమే. ఆమె ఫ్లారెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, నలభై రెండేళ్ళ తర్వాత. ఆ ఫోటోవల్ల తనకేమీ ఒరగలేదని ఆమె స్వయంగా చెప్పింది. 1985లో ఒక అమెరికా పత్రిక ముఖచిత్రంగా వేసిన ఆకుపచ్చ కళ్ళ అఫ్ఘాన్ బాలిక సంగతీ ఇంతే. షర్బత్ గుల అన్న ఆమె పేరు కనుక్కోడానికి 2002 దాకా ఎవరికీ తీరలేదు. ఆ ఫోటోలు గొప్పవి కావని నేననను. ప్రపంచాన్ని కదిలించిన ఫోటోలో ఉన్న మనిషి మాత్రం ఉన్నచోటే ఉండిపోయిందే, ఆ లెక్క ఎవరు చూస్తారని అడుగుతున్నాను.

ఇంకో మార్గం లేదా అంటే ఉంది. మన సంప్రదాయంలోనే ఉంది. 1943లో బెంగాలు కరువులో చిత్తప్రసాద్ మిడ్నపూరు జిల్లా గ్రామాల్లో కాలినడకన తిరిగాడు. ఆకలి మనుషుల్ని గీశాడు. బొమ్మతోపాటు ఆ మనిషి ఎవరు, ఏ ఊరు, ఏం జరిగింది అన్నది కూడా అడిగి రాసుకున్నాడు. ఆ బొమ్మలతో, రాతలతో వచ్చిన "హంగ్రీ బెంగాల్" అన్న చిన్న పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం జప్తు చేసి నాశనం చేయించింది. ఎందుకంత భయం? ఆకలితో ఉన్న మనిషి బొమ్మ ఏ ప్రభుత్వాన్నీ భయపెట్టదు, దానికి జాలిపడి చందా కూడా ఇస్తుంది. పేరూ ఊరూ ఉన్న బొమ్మ అలాకాదు. అది సాక్ష్యం. అదే 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ఆ సంఘం పేరు చెప్పుకునే మనం సాక్ష్యం వైపు ఉండాలా, జాలి వైపు ఉండాలా?

ఈ ప్రశ్న ఫోటోగ్రాఫర్లకు మాత్రమే కాదు, మనకు కూడా. మన కథల్లో, కవితల్లో రిక్షావాడు, ముష్టివాడు, జాలరిపిల్ల ఎంతమంది లేరు! వాళ్ళలో ఎందరు మనం అడిగి రాసినవాళ్ళు, ఎందరు కిటికీలోంచి చూసి రాసినవాళ్ళు? విజయనగరంవాడైన చాసో "ఎంపు" కథ రాశాడు. అందులో ముష్టివాళ్ళు మన జాలి కోసం ఎదురుచూడరు, లెక్క మాట్లాడతారు. పిల్లకు కుంటివాణ్ణి చెయ్యాలా గుడ్డివాణ్ణి చెయ్యాలా అన్న పెళ్ళి మాట సంపాదన లెక్కమీద నడుస్తుంది. చదివితే మనకు కళ్ళనీళ్ళు రావు, ఒళ్ళు జలదరిస్తుంది. ఆ లెక్క చాసో కథలో ఆ మనుషుల నోటే వినిపిస్తుంది. నా "తపస్సు" అన్న మాటలో లెక్క లేదు. ముప్పయ్యారూ లేదు, సున్నా లేదు. అందుకే అందంగా ఉంది, అందుకే అబద్ధం.

ఈ సమస్యకు పరిష్కారం ఫోటోగ్రాఫరు మంచితనంలో మాత్రమే లేదు. పోలీసోడు లేపేస్తాడన్న భయం మూలమని చిత్రకారుడే చెప్పాడు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం వీధిలో సరుకు అమ్మేవాళ్ళనే కాదు, సేవ అందించేవాళ్ళను కూడా వీధి వ్యాపారులనే అంటుంది. బొమ్మ గీసి ఇవ్వడం సేవ కాక మరేమిటి? సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదని కూడా అందులో ఉంది. పట్టణ కమిటీలో నూటికి నలభై మందికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలని ఉంది. పారిస్‌లో మోమార్త్ర్ కొండమీద చౌకులో బొమ్మలు గీసేవాళ్ళకు నగరపాలకులు అనుమతిపత్రమిచ్చి, కొలిచి చోటు చూపిస్తారు. లక్షలమంది వచ్చే జాతరలో మిఠాయి దుకాణానికీ, రంగులరాట్నానికీ చోటు కొలిచి ఇవ్వగలిగిన మనకు, ఒక పీటా ఒక అట్టా పట్టేంత చోటు దొరకదా?

కాబట్టి నేను కోరేవి ఇవి. ఫోటోల పోటీలు పెట్టేవారు, ఫోటోలో ప్రధానంగా కనిపించే మనిషిని అడిగి తీశామని రాసివ్వనిదే ఆ ఫోటోను తీసుకోకూడదు. బహుమతి డబ్బులో ఆ మనిషికి వాటా ఉండాలి, ఫోటో ప్రతి ఒకటి అతని చేతికి చేరాలి. బొమ్మలు గీసేవాణ్ణి తీయాలనుకున్నవాడు ముందు అతని ముందు కూర్చుని, రేటు ఇచ్చి, తన బొమ్మ గీయించుకోవాలి. అప్పుడు కెమెరా పైకెత్తమని అడగాలి. జాతర ఏర్పాట్లు చేసే అధికారులు ఈ వృత్తివారికి చోటూ పత్రమూ ఇవ్వాలి. ఇక మనం, సాహిత్య సభల్లో శాలువాలకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, ఒక వీధి చిత్రకారుణ్ణి సభాస్థలిలో కూలి ఇచ్చి కూర్చోబెట్టుకోవాలి.

ఇంత పేరు పేరు అన్నవాడివి, ఈ వ్యాసంలో అతని పేరు ఎందుకు రాయలేదని పాఠకులు నిలదీయవచ్చు. అతన్ని అడిగాను. "బొమ్మ కింద రాయండి బాబూ, పుస్తకంలో ఒద్దు. కార్డు నేనోడి పేరు అచ్చులో పడితే ముందల సదివీది పోలీసోడే" అన్నాడు. అతని మాట ప్రకారమే నడుచుకున్నాను. అడగడమంటే ఒప్పుకుంటాడని అడగడం కాదు, వద్దన్నా వినడానికి సిద్ధపడి అడగడం.

ఫోటో తీసిన విద్యార్థిని మర్నాడు వెంటబెట్టుకెళ్ళాను. కుర్రవాడు తల దించుకున్నాడు. "తప్పు నీది కాదురా గుంటడా, కెమెరా ఒగ్గీసి కూకో" అని అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు చిత్రకారుడు. సిరిమాను తిరిగే రోజది. పదిహేను నిమిషాలు పట్టింది. కుర్రవాడు నూటయాభై రూపాయలు ఇచ్చాడు, బహుమతి డబ్బులో సగం వేరే ఇచ్చాడు. ఆ తర్వాత నేను కూర్చున్నాను. మేము కూర్చున్నది చూసి ఒక రైతు తన భార్యను కూర్చోబెట్టాడు. ఆమె వెనక ఇంకొకరు నిలబడ్డారు.

కళాశాలలో ఆ ఫోటో కింద ఉన్న నా వాక్యాన్ని నేనే తీసేశాను. ఇప్పుడు అక్కడ అతని పేరుంది, పేరు కింద అతను చెప్పగా రాసుకున్న మాటలున్నాయి: "తొలేళ్ళ సాయంత్రం. కెమెరాలు ముప్పయ్యారు. బేరాలు సున్న."

ఈసారి తొలేళ్ళకు వచ్చేవారికి నా మనవి. అతను అదే దారిలో ఉంటాడు. ముందు కూర్చోండి.